మామ్మ నోట్లో మసి

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా అత్త లోవలక్ష్మి నొప్పిని దాచుకుని దాచుకుని, ఒకరోజు మాకు దక్కకుండా పోతుందని.

నాకు భయాలెక్కువని ఇంట్లో నవ్వుతారు. పాప తుమ్మితే నాలుగుసార్లు నుదురు పట్టి చూస్తాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. ఏది పెద్ద జబ్బో ఏది చిన్నదో తెలియక అన్నిటికీ భయపడతాను.

మా అత్త యానాం మార్కెట్లో చేపలమ్ముతుంది. ఎనిమిదేళ్ళుగా షుగరు. గంపెత్తుకుని తిరిగే రోజు మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతాయని మానేస్తుంది. మా పేటలో చాలామంది పెద్దవాళ్ళలాగే తనూ అడ్డపొగ తాగేది. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. ఏళ్ళ తరబడి తాగితే అంగిలి మసిబారిపోతుంది.

మా పాప సాయిదుర్గకి నాలుగేళ్ళు. "మామ్మా, కంపు! ముద్దొద్దు" అని మొహం తిప్పుకున్న రోజే అత్త చుట్టల కట్ట తీసుకెళ్ళి పక్కింటి సూరమ్మగారికి ఇచ్చేసింది. అప్పటినుంచి ఇద్దరికీ ఒక ఆట. సాయంత్రం అత్త అరుగు మీద కూర్చుని నోరు తెరుస్తుంది. పాప నా ఫోన్ లైటు వేసి, మసి ఎంత పోయిందో చెబుతుంది. పోయిందంటే ఒక ముద్దు.

అలా ఉండగా ఒక వారం అత్తకి కుడి ముక్కు దిబ్బడేసింది. కుడి బుగ్గ వాచింది.

"పన్ను పోటే అమ్మాయ్. లవంగం పెట్టాను కదా," అంది.

"డాక్టరుకి చూపిద్దాం అత్తా."

"నువ్వొకదానివి! ఈగ వాలినా అంబులెన్సంటావు."

ఆ సాయంత్రం కూడా నోరు తెరిచింది. పాప చాలాసేపు చూసింది.

"మామ్మా, మసి పెరిగింది. ఈ పక్కే."

మా ఆయన పల్లంరాజు వల బాగుచేసుకుంటూ నవ్వాడు. "దొంగచాటుగా లాగించేసింది మా అమ్మ. మనవరాలు పట్టేసింది!"

"ఒట్టురా, ముట్టలేదు!" అంది అత్త. పాప ముద్దు పెట్టలేదు. పన్ను పోటుకి పెట్టుకోని కన్నీళ్ళు అత్త అప్పుడు పెట్టుకుంది.

నేను లైటు తీసుకున్నాను. నడుమనున్న పాత మసి వెలిసిపోయింది. కుడి పక్క మాత్రం రూపాయి బిళ్ళంత మేర బొగ్గులా ఉంది. వేలు పెట్టి నొక్కాను.

"నొప్పా అత్తా?"

"ఏమీ తెలీట్లేదే."

బుగ్గంతా పోటంటున్న మనిషికి అక్కడ స్పర్శే లేదు. చుట్ట మాని నాలుగు నెలలైంది. తాగని పొగకి మసి ఎలా పడుతుంది?

నిజం చెప్పాలి. నాలుగు రోజుల ముందే ఆ నలుపు నా కంట పడింది. అడ్డపొగ మసే కదా అని ఊరుకున్నాను. అన్నిటికీ భయపడే నేను, దానికి భయపడలేదు.

"మావా, ఆటో పిలు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

నా మొహం చూసి ఆయన వల పక్కన పడేశాడు.

కాకినాడ ఆసుపత్రిలో ముక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. షుగరు నాలుగొందల అరవై ఉంది.

"ఇది ఫంగస్ అమ్మా, బూజు లాంటిది," అంది డాక్టరమ్మ. "మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేదే. మామూలుగా ఏమీ చేయదు. షుగరు అదుపు తప్పిన ఒంట్లో అయితే లోపలికి పాకిపోతుంది. ఇంకా ఆగితే కంటికి, ఆ తర్వాత మెదడుకి వెళ్ళేది."

కుడి పై దవడ, సగం అంగిలి తీసేశారు. వారాల తరబడి ఇంజక్షన్లు చేశారు. కన్ను దక్కింది. అత్త దక్కింది.

ఇప్పుడు తీసేసిన అంగిలి చోట కట్టుడు పళ్ళలాంటి పలక పెట్టుకుంటుంది. మాట ముక్కులోంచి వస్తుంది. నాకు సగం అర్థం కాదు. పాపకి అంతా తెలుస్తుంది.

"ఏంటంటోందే మామ్మ?"

"పులుసులో ఉప్పు లేదంట. నీకు చెప్పొద్దంట, ఏడుస్తావంట."

ఉదయం మాత్ర పాపే అందిస్తుంది. మింగాక, లోపలికి పోయిన ఆ బుగ్గ మీదే ముద్దు పెడుతుంది.

నిన్న సూరమ్మగారినీ నోరు తెరవమన్నాను. ఆమెకీ షుగరే. నన్ను తిట్టి, తెరిచింది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో షుగరున్న పెద్దావిడ ఉంటే, బుగ్గ ఒక పక్క వాచిందా, ముక్కు దిబ్బడేసిందా అని అడగండి. బాగానే ఉన్నానంటుంది. అయినా సరే, నోరు తెరవమని లైటు వేసి ఒకసారి చూడండి.