నై రోటీ వాళ్ళ పెట్టెలు

జమీలా బీ దొంగ కాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే కథ సగానికొచ్చేసరికి ఆమే తనను తాను దొంగనని నెత్తీ నోరూ బాదుకుంటుంది, విన్నవాళ్ళు నిజమేనని నమ్మేసే ప్రమాదం ఉంది. రాయచోటి నుంచి కువైట్ వచ్చి ఇన్ని ఇళ్ళలో పనిచేసినా, అడక్కుండా చిటికెడు చక్కెర నోట్లో వేసుకున్న మనిషి కాదామె. ఉన్న లోపమల్లా ఒక్కటే. తనకు వినిపించిందే నిజమనుకుంటుంది, మళ్ళీ ఎవరినీ అడగదు.

ఎగైలా అనే పేటలో ఆమె పనిచేసే ఇల్లు ఒక ఇంగ్లీషు దొరసానిది. పేరు మిసెస్ హాలోవే. ఆ పేరుకు జమీలా బీ నోరు తిరగక, అరబ్బుల ఇళ్ళలో యజమానురాలిని పిలిచినట్టే 'మామా' అని పిలిచేది. దొరసాని మొదట్లో తెల్లబోయి, తర్వాత అలవాటు పడిపోయింది. ఇద్దరి మధ్యా నడిచేది కాస్త అరబ్బీ, కాస్త హిందీ, మిగతాదంతా చేతులూ కళ్ళూను.

శుక్రవారం వచ్చిందంటే చర్చికి వెళ్ళే ఇంగ్లీషు అమ్మగార్లంతా ఆ ఇంటి హాల్లో చేరేవాళ్ళు. కేకులు కాల్చి అమ్మేవాళ్ళు. పాత గౌన్లు అమ్మేవాళ్ళు. కబుర్లు చెప్పుకుంటూ స్వెటర్లు అల్లేవాళ్ళు. డబ్బాల తిండీ, పాలపొడీ, సబ్బులూ పోగుచేసి అట్టపెట్టెల్లో సర్దేవాళ్ళు. ఇదంతా ఎక్కడో ఓ పట్నంలో మురికివాడ పిల్లల కోసం. పెట్టె మూసిన ప్రతిసారీ దొరసాని దాని మీద ఆప్యాయంగా తట్టి, "ఫర్ నైరోబీ, జమీలా! ఫర్ నైరోబీ!" అనేది.

జమీలా బీ చెవికి అది 'నై రోటీ' అని వినబడింది. ఇందులో ఆమె తప్పేముంది? రాయచోటిలో తురకమాట మాట్లాడే ఏ ఇంట్లోనైనా రొట్టె లేదనడానికి 'నై రోటీ' అనే అంటారు. అంటే ఈ పెట్టెలన్నీ రొట్టెకు గతిలేనివాళ్ళకన్నమాట! బీదాబిక్కీకి ఇంత చక్కని పేరు పెట్టిందే, అదీ మన భాషలో, అని దొరసాని మీద ఆమెకు ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. రొట్టెకు గతిలేనివాళ్ళకు స్వెటర్లెందుకో మాత్రం బోధపడలేదు. పెద్దవాళ్ళ వ్యవహారం మనకెందుకులే అని ఊరుకుంది.

అలా ఉండగా తొంభై ఆగస్టులో ఓ పొద్దున ఇరాక్ ట్యాంకులు రోడ్డు మీదికొచ్చాయి. హాలోవే దొర అప్పటికే సెలవు మీద వాళ్ళ దేశం పోయి ఉన్నాడు. వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీళ్ళు చాలామంది సరిహద్దు దాటేశారు, బ్యాంకులు మూతపడ్డాయి, దుకాణాల్లో అరలు ఖాళీ. ఇండియావాళ్ళ జోలికి సైనికులు అంతగా రాలేదు గానీ ఇంగ్లీషువాళ్ళు కనబడితే పట్టుకుపోతున్నారు. పక్కింటి ఇంగ్లీషు ఇంజనీరును తీసుకెళ్ళిన రోజు జమీలా బీ తన పాత బురఖా తెచ్చి దొరసాని ఒళ్ళో పడేసింది.

"ఏసుకో మామా. అర్దియాలో మా తమ్ముడి రూముండాది. యల్లా, పోదాం పా!"

దొరసాని బురఖా వేసుకుంది గానీ అడుగు కదపలేదు. పెట్టెలు కూడా రావాలట. తను దొరికిపోయినా సరేగానీ ఆ పెట్టెలు సైనికుల పాలు కాకూడదట. చెప్పి చెప్పి చివరికి జమీలా బీ రెండు చేతులూ పట్టుకుని, "ప్రామిస్, జమీలా. ఓన్లీ ఫర్ నైరోబీ" అంది.

జమీలా బీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అల్లా మీదొట్టు మామా. ఇది అమానతు. నై రోటీ వాళ్ళ నోట్లోకి దప్ప ఇంకోడి నోట్లోకి పోనియ్యను."

అమానతంటే ఒకరు నమ్మి మన చేతుల్లో పెట్టిన సొమ్ము. దాన్ని తినేసినవాళ్ళకు రేపు పైలోకంలో ఏ గతి పడుతుందో జమీలా బీకి చిన్నప్పుడే నూరిపోశారు.

తమ్ముడు మస్తాన్ వలి పికప్ తెచ్చాడు. పెట్టెలెక్కించి, పైన పరుపులు కప్పి, ఆడవాళ్ళిద్దరూ వాటి మీద కూర్చున్నారు. దారిలో సైనికుడొకడు బండి ఆపాడు. ముసుగులో కళ్ళు కూడా కనబడకుండా కూర్చున్న పొడుగాటి మనిషిని చూపించి ఎవరని అడిగాడు. పిన్నమ్మ అని చెప్పాలని దారి పొడుగునా వల్లె వేసుకున్న జమీలా బీ, తీరా అడిగేసరికి అలవాటు కొద్దీ "మామా!" అనేసింది. అనేసి నాలుక కరుచుకుంది. అరబ్బీలో మామా అంటే అమ్మే కదా! వాడు ముసలమ్మకు దణ్ణం పెట్టినంత పని చేసి దారి వదిలాడు. స్టీరింగ్ దగ్గర మస్తాన్ వలి మాత్రం చాలాసేపు చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

అర్దియా బిల్డింగు నిండా రాయచోటి, కడపల జనమే. పనుల్లేవు, జీతాల్లేవు, బేకరీ ముందు పొద్దుటి నుంచి నిలబడితే మధ్యాహ్నానికి "ఖుబ్జ్ మాకూ" అని షట్టరు దించేస్తున్నారు. రొట్టె లేదని అరబ్బీలో చెప్పినా అరవంలో చెప్పినా కడుపుకు ఒకటే. మొదటిరోజే జమీలా బీ మెట్ల మీద కూలబడిన పిల్లల్ని చూసింది, వాళ్ళ తల్లుల్ని చూసింది, తన పెట్టెల్ని చూసింది. ఇక ఆలోచించడానికేముంది? రొట్టె లేనివాళ్ళను వెతుక్కుంటూ పోవలసిన పని లేకుండా వాళ్ళే కళ్ళెదుట ఉన్నారాయె. బిస్మిల్లా అని మొదటి పెట్టె కోసింది.

అబ్బ, ఆ వంటలు చూసి తీరాలి! ఇంగ్లీషువాళ్ళు పొద్దున్నే జావ కాచుకునే ఓట్స్‌తో ఆమె సంగటి కెలికింది. టమాటా రసంలో ఊరిన తీపి చిక్కుడు గింజల్లో ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టింది. పాలపొడి పసిపిల్లలకు పంచింది. స్వెటర్లు పొయ్యి మీది గిన్నెలు దించడానికి మసిగుడ్డలయ్యాయి. కింద గరాజులో పనిచేసే చిన్నపుల్లయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు.

"ఏందక్కా, పప్పులో చక్కెరేసినారా?"

"తింటే తిను, లేకుంటే లెయ్. వెనక లైనుండాది."

పుల్లయ్య రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. లోపలి గదిలో దాక్కున్న దొరసానికీ మూడుపూటలా అదే పళ్ళెం వెళ్ళేది. బిల్డింగులో అందరికీ ఆమె మాట పడిపోయిన పెద్దమ్మ. ఆమె నేల మీద మఠం వేసుకు కూర్చుని, సంగటి వేళ్ళతో తుంచుకుని, "వెరీ గుడ్, జమీలా, వెరీ గుడ్" అని లొట్టలేసేది.

పెట్టెలు అడుగంటే రోజొచ్చింది. ఒక డబ్బాకు కాగితం ఊడిపోయింది, లోపల ఏముందో తెలీదు. పంది అయితే? జమీలా బీ వెంటనే పుల్లయ్యను కేకేసింది. అతను పదో తరగతి తప్పినవాడే అయినా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు.

"డబ్బా మీద ఏం లేదక్కా. పెట్టె మీద జూస్తా ఉండు. నై... రో..."

"నై రోటీ. అది నాకు దెల్సులే. దాని కిందిది సదువు."

"రోటీ గాదక్కా. బీ. నైరోబీ."

"ఏందబ్బీ అది? తినేదా?"

"ఊరక్కా! ఆఫ్రికాలో ఉండాది. పరీచ్చలో అన్నీ పోయినా జాగ్రఫీలో పాసైనా నేను. ఈ పెట్టెలు ఆ ఊరోళ్ళయి."

జమీలా బీ చేతిలోని గరిటె కింద పడింది. ఒక ఊరు! పేరూ ఊరూ ఉన్న మనుషులు! అక్కడెక్కడో పిల్లలు పెట్టెలొస్తాయని చూస్తూ ఉంటే, ఇక్కడ తను తాలింపులేసి బిల్డింగుకంతా విందు చేసింది. అమానతు తినేసింది. ఊరికే తినడం కాదు, లొట్టలేసుకుంటూ తినేసింది. "యా అల్లా, నేను దొంగను! దొంగముండను!" అని నెత్తి కొట్టుకుంటూ లోపలి గదిలోకి పరుగెత్తింది.

విషయం దొరసానికి అర్థమయ్యేలా చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చెప్పడం పూర్తయ్యాక దొరసాని మొహం ఎర్రగా కందిపోయింది. లేచి నిలబడింది. ఆ పిల్లల వంటశాల ఈ పెట్టెల మీదే నడుస్తుందని, ఎన్ని శుక్రవారాలు ఎంతమంది కష్టపడ్డారో తెలుసా అని ఇంగ్లీషులో గడగడా అరిచింది. మాట పడిపోయిన పెద్దమ్మ అరుస్తోందని గుమ్మం దగ్గర జనం మూగారు. ఉన్నట్టుండి ఆమె ఆగిపోయి, తన ముందున్న పళ్ళెం వైపు చూసింది.

"జమీలా. ఇది?"

"అందులోదే మామా."

"నిన్నటిది?"

"అదీ అంతే."

"ఎవ్రీ డే?"

"ఎవ్రీ డే మామా. నువ్వు రొండు మాట్లు పెట్టిచ్చుకున్న రోజు గూడా."

దొరసాని గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందని జమీలా బీ దగ్గరికి పోయి చూస్తే నవ్వుతోంది! కళ్ళ నీళ్ళు కారేలా నవ్వి, జమీలా బీ తల నిమిరి, పోనీలే, నేను క్షమించేశాను అంది.

జమీలా బీ తల అడ్డంగా ఊపింది. "నువ్వెవురు మామా మాఫ్ చేసేదానికి? సొమ్ము నీది గాదు గదా. వాళ్ళది. వాళ్ళు మాఫ్ చెయ్యాల."

దొరసాని ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ప్రాణాలతో మా దేశం చేరితే నీ తరఫున నేనే అడుగుతాను అంది. జమీలా బీ ఊరుకోలేదు. మాట మార్చకుండా అడగాలని, 'హమ్ కో మాఫ్ కరో' అని వచ్చేదాకా ఆమెతో వల్లె వేయించింది. 'మేము' అని అర్థమొచ్చే హమ్ ఎందుకంటే, తిన్నది తనొక్కతే కాదు కదా!

సెప్టెంబరు మొదట్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ వెళ్ళనిస్తారన్న కబురొచ్చింది. దొరసాని బురఖా విప్పేసి, జమీలా బీని కావిలించుకుని బస్సెక్కింది. ఆమె వెళ్ళిపోయాక ఆ గది చూస్తే జమీలా బీకి ఏడుపు ఆగలేదు. ఎంతైనా ఒకే పాపం పంచుకున్న మనిషి!

ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్కాతమ్ముడూ పుల్లయ్యా కూడా ఇరాక్ మీదుగా జోర్డాన్ దారి పట్టారు. దారి పొడుగునా జమీలా బీ వాళ్ళ ప్రాణం తీసింది. ఎవరేమిచ్చినా, "ఇది ఎవురిది? ఎవురి కోసం దెచ్చినారు?" అని ఆరా తీయకుండా ముట్టదు. బస్సులో ఒకావిడ ఖర్జూరాలు పెడితే, మీ పిల్లలకు దాచుకున్నవా అని అడిగి ఆమెను బెదరగొట్టింది. ఆరా తీరేలోపు తిండి అయిపోయేది. మనిషి సగమైపోయింది.

"ఆపా, నువ్వు చచ్చిపోతే అమ్మకు నేనేం జెప్పల్ల?" అని మస్తాన్ వలి గోడుగోడున ఏడ్చాడు.

"దొంగ బతుకు కంటే అదే మేల్రా," అందామె. ఆమె వేళాకోళానికి అనడం లేదని తమ్ముడికి తెలుసు.

సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. నీళ్ళకు లైను, రొట్టెకు లైను. ఓ పొద్దున తెల్ల లారీ ఒకటి వచ్చి ఆగింది. బట్టతల ఇంగ్లీషాయన ఒకడు అట్టపెట్టెలు విప్పి పంచుతున్నాడు. జమీలా బీ వంతు వచ్చింది. ఆయన పొట్లం అందించబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అడుగబ్బీ పుల్లయ్యా. ఇది ఎవురి పేరు మీద దెచ్చినారో అడుగు."

"అక్కా, నీకు దండం పెడ్తా! తీసుకోక్కా!"

వెనక లైనంతా "యల్లా, యల్లా" అని గోల పెట్టింది. ఆమె కదలదే! పుల్లయ్య వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన అలసిన మొహంతోనే ఓపిగ్గా చెప్పాడు. తమ దేశంలో చర్చివాళ్ళు పోగుచేశారు. నిజానికి ఇది వేరేవాళ్ళకు పోవలసింది, ఆఫ్రికాలో ఓ పట్నానికి. కువైట్ నుంచి వచ్చిన ఒకావిడ చర్చి పెద్దల వెంటపడి ఆ ఊరికి ఫోను చేయించింది. ఎడారిలో జనం ఆకలితో ఉన్నారు, మీ పెట్టెలు వాళ్ళకివ్వమంటారా అని అడిగితే, ముందు వాళ్ళకే పెట్టండి, మాకు తర్వాత పంపొచ్చు అని ఆ వంటశాలవాళ్ళు చెప్పారు.

పుల్లయ్య గబుక్కున ఆమె వైపు తిరిగాడు. "అక్కా... నైరోబీవోళ్ళే ఇమ్మన్నారంట."

"ఎవురికి?"

"మనకే అక్కా. వాళ్ళని అడిగే తెచ్చినారంట."

జమీలా బీ ఉన్నచోటే ఇసుకలో కూర్చుండిపోయింది. ఇంగ్లీషాయన కంగారుపడి నీళ్ళకోసం కేకేశాడు. ఆమె ఆయన చేతిలోంచి పొట్లం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. అందులోని చిక్కుడు డబ్బా మూత తీసి, చేత్తోనే గింజలు తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎన్నాళ్ళ ఆకలో మరి, డబ్బా అడుగు దాకా ఊడ్చి తిన్నది.

"ఉప్పు తక్కువైంది," అని తమ్ముడితో చెప్పి, ఇంకొకటి తెరవమంది.