ఏసీ బాగయ్యాక

గది చల్లబడగానే తీసుకొచ్చేస్తానని లహరికి నేనే మాటిచ్చాను. దానికి ఐదేళ్లు. ఏప్రిల్లో రెండుసార్లు ఆయాసం వచ్చి ఆసుపత్రిలో ఉంచాక, ఈ ఉక్కలో వద్దని గుడివాడలో మా అమ్మ దగ్గర దింపి వచ్చాం. నెలన్నర అయింది. రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే ఫోన్ చేయించుకుని ఒకటే మాట అడుగుతుంది.

"ఏసీ బాగయిందా అమ్మా?"

ఇంకో పది రోజుల్లో బడులు తెరుస్తారు. "ఇక్కడే ఒకటో తరగతిలో వేసేద్దామే. వచ్చినకాడి నుంచీ పిల్ల ఒక్కరోజు దగ్గితే ఒట్టు" అంటుంది అమ్మ. నేను ఒప్పుకోలేదు. నా పిల్ల నా దగ్గర ఉండాలి. అందుకు ఏసీ బాగవ్వాలి. నాకు తెలిసింది అంతే.

బందరు చిలకలపూడిలో మేము అద్దెకుండేది ఒక గది, వంటిల్లు, వెనక వరండా. నేనూ మా ఆయన నాగసాయీ రోల్డుగోల్డు పని చేస్తాం. ఆయన గాజులకు అతుకులు వేస్తారు. నేను వాటిని యాసిడ్లో ముంచి కడుగుతాను. పనంతా వరండాలోనే. పాపకు మూడో ఏట ఆయాసం మొదలైంది. దుమ్ము తగలకూడదని డాక్టరు గారు చెప్తే, ఉన్నదంతా ఊడ్చి ఏసీ కొన్నాం. కిటికీ సందులకు అట్టముక్కలు పెట్టి నేనే టేపు అంటించాను.

పోయిన ఏడాది నుంచి గాలి వస్తోంది గానీ చలువ రావడం లేదు. చేయగలిగిందంతా చేశాను. ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగాను. బయట గోడకున్న పెట్టెను పైపు పెట్టి కడిగాను. పద్దెనిమిదిలో పెట్టినా, పాప వీపు మీద చెమట ఆరేది కాదు.

చివరికి మెకానిక్ ఏసుపాదం గారు దొరికారు. పెద్దాయన. వస్తూనే రిమోట్ చూసి నవ్వారు.

"పద్దెనిమిదా? దానికే చలేసి ముడుచుకుని ఉంటదమ్మా."

"నవ్వులాట కాదండీ. మా పాప రావాలి" అన్నాను.

"వచ్చేస్తదిలే. బందరులో ఏసీ పోయిందంటే చూసేదేముంది, బయట పెట్టెను ఉప్పుగాలి తినుంటది. ఆ సముద్రం చలవతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది."

బయట స్టూలెక్కి మీటరు తగిలించి చూశారు. గ్యాసు సగం కూడా లేదన్నారు. ఎక్కడో కారుతోందని సబ్బునురగ కలిపి పైపులన్నిటికీ రాశారు. కారేచోట బుడగ లేస్తుందట. ఎక్కడా లేవలేదు.

"చిత్రంగా ఉందే. ఈ పెట్టె పెళ్లికొడుకులా నిగనిగలాడుతుంది" అంటూ లోపలికొచ్చి, గదిలో ఉన్న ఏసీ మూత ఊడదీశారు.

లోపలి రాగి గొట్టాలు నల్లబడిపోయాయి, అక్కడక్కడ పచ్చటి పొడి రాలుతోంది. నురగ రాయగానే రెండుచోట్ల బుడగలు లేచాయి. ఆయన నవ్వడం మానేశారు.

"ఉప్పుగాలేనా అండీ?" అన్నారు నాగసాయి.

"బయటున్నదాన్ని వదిలేసి, మూసిన గదిలోకి వచ్చి తింటదా బాబూ ఉప్పుగాలి? ఈ గదిలో ఏం పెడతారు మీరు?"

నాగసాయి నా వైపు చూశారు. నేను అటక వైపు చూశాను.

లహరికి రెండేళ్లప్పుడు, వరండాలో యాసిడ్ సీసాను మంచినీళ్లనుకుని రెండు చేతులతో పట్టుకుంది. మూత తీయబోతుంటే లాక్కున్నాను. ఆ రోజు నుంచి పని కాగానే సీసాలన్నీ పిల్లకు అందకుండా అటక మీదకు ఎక్కిస్తాను. గుడ్డ కప్పుతాను. మూడేళ్లలో ఒక్క సాయంత్రం కూడా మరిచిపోలేదు. అటక కిందే లహరి మంచం.

ఏసుపాదం గారు స్టూలెక్కి గుడ్డ తీశారు. దగ్గుతూ దిగారు.

"మూతలు గట్టిగానే బిగిస్తానండీ" అన్నాను.

"నీళ్లయితే ఆగుతాయమ్మా. ఆవిరి ఆగుద్దా? తలుపులు బిగించేశారు. ఉన్న గాలినే ఇది పీల్చి మళ్లీ వదులుతుంది. రాగే తట్టుకోలేకపోయింది."

బీరువా మడతబందులు తుప్పు పట్టినప్పుడు, పాప రిబ్బన్ల డబ్బాలో పిన్నీసులు నల్లబడినప్పుడు, బందరు గాలి అనుకుని ఊరుకున్నాను. పదో తరగతితో నా చదువు మాన్పించారు. కానీ ఆమ్లాలు, లోహాల పాఠం అప్పుడు తప్పు లేకుండా అప్పజెప్పేదాన్ని.

"పాపకు ఆయాసం..." అని ఆగిపోయాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ నేల వైపు చూశారు. "నేను ఏసీ మెకానిక్‌నమ్మా. రాగి సంగతే చెప్పగలను."

చిల్లులు రెండూ మూసి, గ్యాసు నింపారు. ఈ వేసవికి ఢోకా లేదన్నారు. ఆయన వెళ్లేసరికి గది చల్లబడింది. నేను సీసాలు ఒక్కొక్కటే దించి వరండాలో పెట్టాను. వరండా తలుపు ఈ గదిలోకే తెరుచుకుంటుంది. రేపు పొద్దున మళ్లీ అక్కడే కూర్చుని కడగాలి.

"ఎక్కడైనా షెడ్డు చూద్దాం వాణీ" అన్నారు నాగసాయి.

"బడులు తెరిచేలోపు దొరుకుద్దా?"

యాసిడ్ పనికి అంటే ఎవరూ చోటివ్వరని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ మోగింది. లహరే. ఎత్తేముందు రిమోట్ వెతికి ఏసీ ఆపేశాను, చప్పుడు వినపడకుండా.

"ఏసీ బాగయిందా అమ్మా?"

చేతుల మీద వెంట్రుకలు చలికి నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"లేదు తల్లీ. ఇంకా కాలేదు."

"మెకానిక్ రాలేదా?"

"వచ్చారమ్మా. ఏదో సామాను దొరకలేదంట."

"పోనీలే అమ్మా, నాకు ఏసీ వద్దు. ఉక్కపోసినా నేనేం అనను. ఏడవను కూడా. వచ్చేస్తా."

నాగసాయి లేచి వరండాలోకి వెళ్లిపోయారు.

"అమ్మమ్మకివ్వు ఫోను" అన్నాను.

అమ్మ తీసుకుంది. "ఏమైందే?"

"దాన్ని అక్కడే బడిలో వెయ్యమ్మా."

వెనక నుంచి లహరి, "ఏమందమ్మమ్మా? రమ్మందా?" అంటోంది. అమ్మ జవాబు చెప్పేలోపే ఫోన్ పెట్టేశాను.

రిమోట్ ఇంకా చేతిలోనే ఉంది. గదిలో చల్లదనం పోవడానికి చాలాసేపు పట్టింది.