నాలుకను కొరికిన సబ్బు

రుమెన సబ్బు ముక్కకు నాలుక ఆనించింది. చురుక్కుమంది. నాలుక లాక్కుని సంబరంగా నవ్వుకుంది.

ఆ ఊరి ఆడవాళ్లు సబ్బును అలాగే పరీక్షిస్తారు. చలికాలంలో పందిని కోశాక మిగిలిన కొవ్వును పెరట్లో కాస్టిక్ సోడా వేసి ఉడికించి బట్టల సబ్బు చేస్తారు. నాలుకను కొరికితేనే మురికిని కొరుకుతుందని వాళ్ల లెక్క. రుమెన అమ్మా అంతే, అమ్మమ్మా అంతే.

కానీ ఇది బట్టలకు కాదు, గడ్డానికి. ఆమె చేసిన మొట్టమొదటి గడ్డం సబ్బు.

ఊరి సబ్బుల ఫ్యాక్టరీలో ఆమె ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఏం పని? సబ్బుకు కాగితం చుట్టే పని. కాగితం మడవడం నేర్పారు గానీ సబ్బు చేయడం ఒక్క ఆడదానికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు ఆ విద్య తెలిసిన పెద్దమనుషులు కార్లెక్కి పోయారు. చుట్టేవాళ్లు మిగిలారు. ఏం చుట్టాలి, గాలినా?

రుమెన ఊరుకోలేదు. బాయిలర్ దగ్గర పనిచేసిన ముసలి ఇల్కోను పట్టుకుని గుర్తున్నంత చెప్పించుకుంది. సగం స్టియరిన్ మైనం, కొంచెం కొబ్బరినూనె, కొంచెం పందికొవ్వు, ఇంత క్షారం. ఆ మైనం కొవ్వొత్తులు పోసేవాడి దగ్గర దొరికింది. క్షారమంటే ఇంట్లో సోడా ఉండనే ఉంది. ఇల్కో చెప్పిన తూకానికి వీసమెత్తు తేడా రాకుండా వేసింది.

మంగలి నౌమ్ ముందే మాటిచ్చాడు. "ఆదివారం మీ అక్క కొడుక్కి పెళ్లి గడ్డం గీసేది నేనే. నీ సబ్బుతోనే గీస్తా. ఊరంతా చూస్తుంది. పెళ్లికొడుకు మొహం మెరిసిందా, నా కొట్టుకి సబ్బు ఇక నువ్వే."

ఇక ఆమెకు ఉన్న దారి అదొక్కటే.

శనివారం పొద్దున భర్త కోస్తాను కూర్చోబెట్టి నురగ పట్టించింది.

"ఏమేవ్, మిరపకాయలు గానీ కలిపావా?"

"మగాడివేనా నువ్వు? కాసేపు ఓర్చుకో."

"ఓర్చుకుంటాలే. మొగుడు ఊరికే దొరికాడుగా నీకు!"

కడిగేసరికి కోస్తా బుగ్గలు కాల్చి తొక్క తీసిన ఎర్ర మిరపకాయల్లా ఉన్నాయి. మెడ మీద చర్మం లేచింది. రుమెన చన్నీళ్లతో కడిగి కడిగి, అతని మొహాన పెరుగు పూసి, ఇల్కో ఇంటికి పరిగెత్తింది.

"ఏం క్షారం వేశావమ్మాయ్?"

"సోడా, బాబాయ్. నువ్వు చెప్పినంతే."

ముసలాయన తల పట్టుకున్నాడు. "గడ్డం సబ్బుకి వేసే క్షారం సోడా కాదే, పొటాష్! పద్నాలుగు పాళ్ల పొటాష్ చేసే పని సోడా పది పాళ్లతో చేస్తుంది. పొటాష్ తూకానికి సోడా వేస్తే కాలక ఏమవుతుంది?"

"మరి చెప్పలేదేం?"

"అక్కడే పనిచేశావు, తెలుసనుకున్నా."

"నన్ను ఆ గదిలోకి ఎవడు రానిచ్చాడు బాబాయ్?" అని అరిచింది రుమెన. "నాలుకను కొరికితే మంచి సబ్బనుకున్నా!"

ఊళ్లో పొటాష్ లేదు. పట్నం నుంచి తెప్పించాలంటే వారం. పెళ్లి రేపు.

ఆదివారం పొద్దున అక్క యానా ఇంటి పెరట్లో డోలు మోగుతోంది. పెళ్లికొడుకు వాంచో మెడకు తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. రుమెన నౌమ్‌ను పక్కకు లాగి ఉన్నదంతా చెప్పింది.

"పల్చగా పూసి గబుక్కున తుడిచేస్తా," అన్నాడు నౌమ్ గొంతు తగ్గించి. "మండినా పెళ్లికొడుకు నలుగురిలో కిక్కురుమనడు. ఎర్రబడితే సిగ్గనుకుంటారు. ఇంతమందిలో పరువు పోగొట్టుకుంటావా? రేపట్నించి పనొద్దా నీకు?"

పని కావాలి. నౌమ్ బ్రష్ తడిపాడు.

"పిన్నీ, నా మొహం రాజు మొహంలా చేస్తావా?" అని నవ్వాడు వాంచో.

రుమెన అతని చేతిలోని సబ్బు గిన్నె లాక్కుంది. నీళ్లు వాంచో కొత్త చొక్కా మీద చిందాయి. డోలు ఆగింది.

"ఈ సబ్బు పూయొద్దు. కాలుతుంది. నేనే తప్పు చేశాను. పొటాష్ వేయాల్సిన చోట సోడా వేశాను. కోస్తా మొహం కాలింది."

యానా మొహం నల్లబడింది. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఏమిటే ఈ మాటలు? నిన్ను నమ్మి ఊరంతా చెప్పుకున్నానే!"

"తిట్టక్కా. తిట్టు. వాడి మొహం మాత్రం కాల్చను."

నౌమ్ జేబులోంచి బజారు నురగ డబ్బా తీశాడు. ముందే తెచ్చుకున్నాడు, దొంగ!

"నౌమన్నా, నెల రోజులియ్యి. పొటాష్ తెప్పించి మళ్లీ చేస్తా. ముందు నా మొహానే పూసుకుని చూపిస్తా."

"నా కొట్టు గుమ్మం తొక్కకు," అన్నాడతను కత్తి నూరుతూ.

డోలు మళ్లీ అందుకుంది. పెరటి చివర గోడకు ఆనుకుని, మొహాన మళ్లీ పూసిన పెరుగు ఎండిపోయిన కోస్తా ఒక్కడే నిలబడి ఉన్నాడు. రుమెన గిన్నెతో సహా వెళ్లి అతని పక్కన నిలబడింది. సారా గ్లాసులు పంచుతున్న పళ్లెం వాళ్లిద్దరినీ దాటుకుని పోయింది.