ఇసుకలో తొగ్రాక్ పడవ

మా తమ్ముడు పర్పికి ఏటి మీదున్న నమ్మకం సొంత అక్క మీద ఎప్పుడూ లేదు. వేసవి వరద పాత పాయలోనే వస్తుందని వాడి ధీమా. అందుకే ఎండిపోయిన పాయ గట్టున ఉన్న పెద్ద తొగ్రాక్ చెట్టును నరికి, అక్కడే కూర్చుని పడవ తొలవడం మొదలుపెట్టాడు. వాణ్ణి మరీ తప్పుపట్టలేను. తారీమ్ ఏటి ఒడ్డున అందరం చేసేది అదే. అంత మానును నీళ్ళదాకా మోసుకుపోవడం కంటే, నీళ్ళే మాను దగ్గరికి వచ్చేదాకా కూర్చోవడం మాకు హాయి.

ఆ పడవ తూనిసా కోసం. వాళ్ళ నాన్న యోల్దాష్ దిగువన చేపలు పడతాడు. మహా ముక్కోపి. పర్పి పిల్లనడగడానికి వెళ్తే గుమ్మంలోనే నిలబెట్టాడు.

"పడవ లేనివాడికి పెళ్ళామెందుకురా? ఈ వరద తగ్గేలోపు సొంత పడవలో నా గుమ్మం ముందుకు రా. రాలేదా, సరస్సు ఒడ్డు వాళ్ళు పిల్లనడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తా" అన్నాడు.

పర్పి పడవ పూర్తిచేసి, తెడ్డు పట్టుకుని అందులో కూర్చున్నాడు. వరద వచ్చింది. కానీ ఏరు ఆ ఏడు నిద్రలో ఒత్తిగిలినట్టు తూర్పుకు తిరిగి, కొత్త పాయ చేసుకుని పోయింది. మా పాయలో కప్ప తడవడానికైనా నీళ్ళు లేవు.

"ఏరా పర్పీ, ఇవాళేం పడ్డాయి?" అని మేకలు తోలుకుపోయేవాళ్ళు అడిగేవాళ్ళు.

"దోమలు. కావాలంటే పట్టుకుపోండి" అనేవాడు వీడు, తెడ్డు దించకుండానే.

నాకు ఒళ్ళు మండిపోయేది. "కోసి మేకలకు తొట్టి చెయ్యరా, పుణ్యమన్నా వస్తుంది" అన్నాను ఒకరోజు.

"అక్కా, నువ్వెళ్ళి రొట్టె చూసుకో. మాడుతోంది" అన్నాడు. నిజంగానే మాడింది. అది వేరే సంగతి.

వీడు నవ్వులాటకు తిప్పికొడుతున్నాడు గానీ, తిండి మానేశాడని నాకొక్కదానికే తెలుసు. వరద తగ్గేలోపు పడవ నీళ్ళు చూడకపోతే తూనిసా సరస్సు వాళ్ళ పాలవుతుంది. పడవ చూస్తే ఇసుకలో ఉంది.

అలాంటి ఒక పొద్దున యోల్దాష్ కూతుర్ని వెంటబెట్టుకుని మోకాళ్ళదాకా బురదతో మా గుడిసె ముందు ప్రత్యక్షమయ్యాడు. కొత్త పాయ ఆయన ఇంటిమీదుగా పోయిందట. పడవలు కొట్టుకుపోయాయట. తండ్రీ కూతుళ్ళు మెరక చూసుకుని ఇటు పరుగెత్తుకొచ్చారు. జనపనారతో చలికాలమంతా అల్లిన వలలు మాత్రం అవతలి గట్టున తొగ్రాక్ కొమ్మకు ఉండిపోయాయి. వలలు పోతే ఇక ఆయన బతుకు లేదు. మావాళ్ళ పడవలన్నీ చేపల వేటకు పోయి సరస్సులో ఉన్నాయి. దగ్గర్లో ఉన్నది ఒక్కటే.

"నీ పడవేదిరా?" అన్నాడు యోల్దాష్, నేలచూపులు చూస్తూ.

దుంగలు పరిచి, మనుషులమూ గాడిదలూ కలిసి ఆ పడవను ఇసుక మీద కొత్త పాయదాకా దొర్లించుకుపోయాం. తీరా చూస్తే ఎండకు నిలువునా బీటలిచ్చి ఉంది. తూనిసా బీటల్లో ఉన్ని కుక్కి, గొర్రె కొవ్వు మెత్తింది.

"ఇది పడవా, జల్లెడా?" అన్నాడు యోల్దాష్.

"జల్లెడైతే తోడేవాళ్ళుండాలి నాన్నా. తెడ్డేసేవాడు ఎట్టా తోడతాడు?" అని తూనిసా సొరకాయ బుర్ర పుచ్చుకుని ఎక్కేసింది. ఆయన నోరు తెరిచేలోపు పర్పి పడవను తోసేశాడు.

వాడు తెడ్డు వేస్తున్నాడు, ఆ పిల్ల నీళ్ళు తోడుతోంది. నేను ఎరిగిన దువాలన్నీ చదివేశాను. అవతలి గట్టు చేతికందేంత దూరంలో కొవ్వు ఊడింది, పడవ మునిగింది. ఇద్దరూ నడుంలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ గట్టెక్కారు. వలలు దొరికాయి. పడవ ఏటి పాలైంది.

"నీళ్ళు తగ్గేదాకా ఇక్కడే ఉంటాం!" అని అరిచింది తూనిసా.

అంటే శరత్కాలం దాకా. పెళ్ళికాని పిల్ల, పెళ్ళికాని పిల్లాడు, అవతలి గట్టున. యోల్దాష్ ముఖం నల్లబడింది. నన్ను చూశాడు, ఏటిని చూశాడు. "ముల్లాను పిలవండి" అన్నాడు.

ముల్లా తుర్ది ముసలాయన. ఆయన గొంతు ఏరు దాటితేగా. పెళ్ళి దువా ఆయన చదివాడు, అరవాల్సిన పని మాత్రం యోల్దాష్ మీద పడింది. కూతుర్ని అడగాల్సిన మాట కూడా ఆయనే అడిగాడు.

"అమ్మాయ్! పర్పిని ఒప్పుకుంటావా?"

గాలి మింగేసింది. మళ్ళీ అరిచాడు, నరాలు పొంగేట్టు. ఈసారి జవాబొచ్చింది.

"ఒప్పుకున్నా నాన్నా! ఎప్పుడో!"

మావాళ్ళు ఘొల్లున నవ్వారు. కానీ ఉప్పునీళ్ళలో ముంచిన రొట్టె ఇద్దరూ తింటేనే మా దగ్గర పెళ్ళయినట్టు. తూనిసా అవతల తొగ్రాక్ మాను మీద పేరుకున్న తెల్ల ఉప్పు గోకి, దోసెడు ఏటి నీళ్ళలో కలిపి పర్పికి తాగించి, తానూ తాగింది. "ఉప్పు ఉంది! రొట్టే లేదు!" అని కేకేసింది.

ముల్లా గడ్డం నిమురుకున్నాడు. "రొట్టె ఇటుంది. వాళ్ళ బదులు పిల్ల తండ్రి తింటే సరిపోతుంది. దేవుడు ఏటికి రెండువైపులా చూస్తాడు" అన్నాడు.

నేను రొట్టె తుంచి యోల్దాష్ చేతిలో పెట్టాను. నోట్లో వేసుకున్నాడు. అవతల వాళ్ళిద్దరూ ఒకే వలను చెరో కొసా పట్టుకుని చెట్టు మీంచి దించుతున్నారు. ఆయన వాళ్ళనే చూస్తూ నమిలాడు, నమిలాడు. ఆ ముద్ద ఆయన గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.