అమ్మా, సూది ఏయించుకోని రా

రెండు వారాల్లో వచ్చేస్తానని చెప్పి షహజాదీ ప్రొద్దుటూరు వెళ్లింది. వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది మరి. అది 2021 ఏప్రిల్. ఆమె అక్కడ దిగిన కొద్దిరోజులకే, కరోనా పెరిగిందని ఇండియా నుంచి గల్ఫ్‌కు వచ్చే విమానాలు ఆపేశారు. దుబాయ్‌కి ఆవల రాస్ అల్ ఖైమాలోని రెండు గదుల ఇంట్లో పదమూడేళ్ల సమీనా, వాళ్ల నాయన ఇమామ్ హుస్సేన్ మిగిలారు.

ఇమామ్ హుస్సేన్ క్వారీలో ఫోర్‌మన్. తెల్లారగట్ల కంపెనీ బస్సెక్కితే మళ్లీ పొద్దుగూకాకే రావడం, అదీ ఒళ్లంతా రాతిదుమ్ముతో. తిని, రెండు మాటలు మాట్లాడి, కూర్చున్నచోటే కునికేవాడు. పగలంతా సమీనా ఒక్కతే. ఆన్‌లైన్ క్లాసు అయిపోయి తెర మీది ముఖాలన్నీ మాయం కాగానే ఏసీ చప్పుడు పెద్దదైనట్టు ఉండేది.

ఊళ్లో టీకాలు వేస్తున్నారు, వేయించుకోమని ఇమామ్ హుస్సేన్ ఫోన్లో ఎంత చెప్పినా షహజాదీ వినలేదు.

"సూది ఏసుకున్నోళ్లు రెండేండ్లకు మించి బతకరంట. మా వీధిలో ఒకాయన ఏసుకున్న మూడోనాడే పాయె. నాకొద్దు."

"ఆయప్పకు ముందునుంచీ గుండెజబ్బు ఉండె కదా!"

"ఏమో, నాకు భయం."

ఆ వారమే బడిలో పోటీ పెట్టారు. టీకా వేయించుకోమని చెప్పే బొమ్మ గీయాలి. సమీనా అందరిలాగే ముళ్లబంతిలాంటి వైరస్‌నూ, దాన్ని పొడుస్తున్న సూదినీ గీసింది. డ్రాయింగ్ చెప్పే ప్రేమ టీచర్ చూసి నవ్వింది.

"ఇలాంటివి ఇప్పటికే బోలెడొచ్చాయమ్మా. మీ ఇంట్లో ఏం జరుగుతోందో అది గియ్యి."

ఇంట్లో ఏమీ జరగడం లేదు. సమీనా అదే గీసింది. చాప మీద మూడు పళ్లాలు. నాయన ముందొకటి, తన ముందొకటి, మూడోది బోర్లించి. కింద పెద్దక్షరాలతో 'అమ్మా, సూది ఏయించుకోని రా' అని రాసింది. జడ్జీలకు తెలుగు రాదు, ఇంగ్లిషులో రాయమంది ప్రేమ.

"మా అమ్మకు ఇంగ్లిషు రాదు టీచర్," అంది సమీనా.

ఫొటో తీసి ముందు అమ్మకే పంపింది. చూసినట్టు గుర్తు పడింది గానీ జవాబు లేదు. మర్నాడు షహజాదీ ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఒక ఫొటో వచ్చింది: జబ్బ మీద దూది అదిమిపట్టుకుని, బెదురు కళ్లతో అమ్మ. 'ఏయించుకున్న్యా. నువ్వు అన్నం తిను.' సమీనా ఎగిరి గంతేసింది. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. నాయన వచ్చేదాకా ఆ సంతోషాన్ని మోస్తూ గదిలో తిరిగింది.

షహజాదీ రెండో సూది కూడా వేయించుకున్నాక, టీకా అయినవాళ్లకు దారి తెరుచుకుంది. ఇమామ్ హుస్సేన్ కూతుర్ని వెంటబెట్టుకుని ట్రావెల్స్ ఆఫీసుకు పోయాడు. అక్కడి రాధాకృష్ణ సర్టిఫికెట్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ టీకాని ఇక్కడ ఇంకా ఒప్పుకోవట్లేదు భాయ్."

"ఆస్పత్రిలో ఏది ఉంటే అది ఏసినారన్నా. ఆమెకేం తెల్సు?"

"నా చేతుల్లో ఏముంది? కొత్త రూల్ వచ్చేదాకా ఖలాస్."

బయట ఎండలో సమీనా ఆగిపోయింది. "నేను తొందరపెట్టకుంటే వేరే సూది ఏయించుకునేదేమో నాయనా."

"అట్ల అనుకోగాకు మా. పానంతో ఉంది, చాలదా?" అన్నాడాయన, మొహం అటు తిప్పుకుని.

బడి తెరిచారు. సమీనా బొమ్మకు రెండో బహుమతి వచ్చింది, వరండాలో తగిలించారు. ఇంటర్వెల్లో నాజ్నీన్ అనే పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మ పోయి ఎన్నాళ్లయింది?"

సమీనా పరుగున వెళ్లి చూసింది. బొమ్మ కింద ఇంగ్లిషు కార్డు: మహమ్మారికి బలైన తల్లికి కూతురి నివాళి.

"మా అమ్మ ఉంది టీచర్," అంది ప్రేమ దగ్గరకు పోయి. బోర్లించిన పళ్లెం చూసి తెలుగు రాని జడ్జీలు అలా అనుకున్నారని ప్రేమ నొచ్చుకుని, ఆ కార్డును అప్పటికప్పుడే తీయించేసింది. కానీ అప్పటికే క్లాసంతా పాకిపోయింది. సమీనా కనబడితే పిల్లలు గొంతులు తగ్గించేవారు, పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. ఆటకు మాత్రం ఎవరూ పిలవలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఏంటికి చేసినావు?"

"ఊరికే. ఏదన్నా మాట్లాడు."

కుళాయి నీళ్లు రావడం లేదనీ, అవ్వ కర్ర పట్టుకుని నడుస్తోందనీ షహజాదీ చెబుతుంటే, ఫోన్ వేడెక్కినా చెవినుంచి తీయలేదు.

చలికాలానికి ఆ టీకానూ ఒప్పుకున్నారు. షార్జా ఎయిర్‌పోర్టులో షహజాదీ కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది. దారిపొడుగునా ఆమే మాట్లాడింది. సమీనా ఊ కొట్టింది. ఇల్లు చేరాక షహజాదీ ఉండబట్టలేక అడిగింది.

"నామీద కోపమా?"

"కాదమ్మా. పగలు మాట్లాడే అలవాటు పోయింది."

షహజాదీ బురఖా అయినా తీయకుండా ఆ పిల్ల పక్కన కూలబడి, తల నిమురుతూ ఉండిపోయింది.