బూడిదోడి నోట్లో ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. కంచుతో చేసినదాన్ని, అరచేతిలో ఇమిడిపోతాను. ఒక పక్క పిచ్చుక ముక్కులాంటి సన్నని ముక్కు ఉంటుంది. నన్ను పోతపోసిన కంచరి ఆ ముక్కును రుద్ది రుద్ది నునుపు చేస్తూ, "పసిబిడ్డ చిగుళ్ళకు గీరుకుంటే పాపం మనకే" అని భార్యతో అన్నాడు. నాకు తెలిసి మనుషులు నా గురించి అంత శ్రద్ధగా మాట్లాడింది ఆ ఒక్కసారే.

అనంతపురం జిల్లాలో గొర్రెలు కాచుకునే ఇంటికి నేను సుంకమ్మ తొలికాన్పు సారెలో వచ్చాను. ఆమె బిడ్డలకు ఆముదం పోశాను, అరగదీసిన వస పోశాను, ఉగ్గు పెట్టాను. కాళ్ళ మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, బలవంతాన నన్ను నోట్లో దూర్చేవాళ్ళు. బిడ్డలు పళ్ళెంలో తినడం నేర్చాక నన్ను అటక ఎక్కించారు. మనుషుల కృతజ్ఞత చాలావరకు అటక మీదే ఉంటుంది.

సుంకమ్మ భర్త పోయాక మంద ఆమె మీద పడింది. కొడుకు, కోడలు ఉన్నా, చేలల్లో మంద నిలిపిన చోట పడుకునేది ఆమే. ఆమెకు తోడు బూడిదరంగు కుక్క. పేరు బూడిదోడు. ఆ గుట్టల్లో తోడేళ్ళు తిరుగుతాయి. ఒకసారి తోడేలు గొర్రెపిల్లను పట్టుకుంటే బూడిదోడు మెడ చీల్చుకుని మరీ విడిపించింది. అది ఉంటేనే మంద. మంద ఉంటేనే సుంకమ్మ ఇల్లు.

అలాంటి కుక్క చిక్కిపోవడం మొదలుపెట్టింది. డొక్కలు లోపలికి పోయాయి. చిగుళ్ళు తెల్లబడ్డాయి. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, నీళ్ళవిరేచనాలు. దొడ్డి దగ్గర తోడేలు అడుగులు కనిపించిన ఉదయం కూడా అది లేవలేదు.

"దీని పని అయిపోయింది వదినా. యాడన్నా దూరంగా ఇడ్సిపెట్టి రా" అన్నాడు మరిది బీరప్ప.

"మొన్న జరమొచ్చి నువ్వు పండుకుంటివే, నిన్ను యాడ ఇడ్సి రావల్సింది?" అంది సుంకమ్మ.

ఆమె దాన్ని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ పేరు నస్రీన్. మలాన్ని పరీక్ష చేసి, పేగు నిండా పురుగులున్నాయని చెప్పింది. నేలనుంచి పట్టుకునే కొక్కెపురుగులు రక్తం తాగుతున్నాయి. వాటితోపాటు బద్దెపురుగులూ ఉన్నాయి.

"గొర్రెను కోసినప్పుడు దీనికేం పెడతారవ్వా?"

"పేగులు, కార్జము. కోసిన ఎంబడే దాని పాలు దానికి ఏసేస్తాం. కాపలా కాసేదానికి ముందు పెట్టల్ల గదా."

"పచ్చివేనా?"

"పచ్చివే."

ఆ పచ్చి పేగుల్లోనే, కార్జంలోనే, అంటే కాలేయంలోనే, బద్దెపురుగు పిల్లలుంటాయని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. సుంకమ్మ కుక్క తల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. మర్యాద అనుకుని పెట్టిందే దానికి జబ్బు తెచ్చిందని ఆమెకు అర్థమైంది.

ఇంటికొచ్చి మందు పోయబోతే బూడిదోడు పళ్ళు గిట్టకరిచింది. గ్లాసుతో పోసినదంతా గడ్డం మీదుగా కారిపోయింది. అప్పుడు సుంకమ్మ నా వైపు చూసింది. నేను అరుగు మీద మెరుస్తూ ఉన్నాను. నెలలు నిండిన కోడలు గంగరత్న నన్ను అటక మీదనుంచి దించి, చింతపండుతో తోమి, ఎండబెట్టింది.

"అత్తా! అది నా బిడ్డకు తోమి పెట్టినా."

"తెలుసు మ్మే."

"కుక్క నోట్లో పెట్టినాక మళ్ళా బిడ్డకెట్లా పెడ్తాం?"

"పెట్టం" అంది సుంకమ్మ.

గంగరత్న కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. సుంకమ్మ కుక్క దవడ పక్కన పెదవిని వేలితో పైకెత్తి, ఆ సందులో నా ముక్కు ఉంచింది. లోపలంతా సెగ. మందు కొంచెం కొంచెంగా జారింది. గుటక పడింది.

విరేచనంలో పురుగులు పడ్డాయి. కొన్ని ముక్కలు బియ్యపుగింజల్లా, కొన్ని రిబ్బను పేలికల్లా ఉన్నాయి. చూసినవాళ్ళంతా ముక్కు మూసుకుని, ఇక లేచి తిరుగుతుందన్నారు. లేవలేదు. విరేచనాలు ఆగలేదు. కూడు వాసన చూసి తల తిప్పుకుంది.

బీరప్ప మందుల అంగడి నుంచి మాత్రలు తెచ్చాడు. "మా పిల్లోనికి బేదులైతే ఇవే ఇచ్చిరి. నూరి పొయ్యి వదినా. ఆ పురుగుమందు గూడా ఇంగొక తూరి పొయ్యి. సగం సచ్చి సగం ఉంటాయి అవి."

సుంకమ్మ మాత్రలు నూరి నాలో కలిపింది. నా ముక్కు బూడిదోడి పెదవి దాకా పోయింది. అప్పుడు గంగరత్న వచ్చి అత్త మణికట్టు పట్టుకుంది.

"ఆ డాక్టరమ్మనొక మాట అడిగి పొయ్యి అత్తా. నా బిడ్డ గిన్నె ఇచ్చుకున్నా. ఉత్తపుణ్యానికి దీన్ని పోగొట్టుకుంటామా?"

సుంకమ్మ నాలో ఉన్నది నేలమీద పారబోసి ఫోను చేసింది. ఆ దారిన ఇంకో ఊరికి పోతూ డాక్టరమ్మ వచ్చి చూసింది.

"పురుగులు పోయాయవ్వా. మందు తన పని చేసింది. కానీ పేగులో కంటికి కనపడని బ్యాక్టీరియా కోట్లకొద్దీ ఉంటాయి. తిన్నది అరగాలంటే అవీ పనిచేయాలి. పురుగులు కాపురం పెట్టినన్నాళ్ళూ ఆ గుంపు మారిపోయింది. కొన్ని రకాలు తగ్గాయి, కొన్ని పెరిగాయి. పురుగు పోయిన మర్నాడే అది మునుపటిలా కాదు. ఈ మాత్రలు పోస్తే మంచివి కూడా చస్తాయి."

సుంకమ్మ ఆలోచించింది. "తోడేలు పోయినాక గూడా మంద శానాసేపు మేత ముట్టదు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటా నిలబడతాది. అట్లనా తల్లీ?"

"అట్లాంటిదే" అంది డాక్టరమ్మ. "అదిలించకుండా ఉండాలి. రక్తానికి నేనిచ్చే మందు, మెత్తటి గంజి, కొంచెం కొంచెంగా. గిన్నె మాత్రం పసిబిడ్డకు వాడొద్దు. ఈ బద్దెపురుగుల్లో ఒక రకం గుడ్లు మనిషి కడుపులోకి పోతే కార్జంలో నీటితిత్తులు కడతాయి."

గంగరత్న ఆ మాట విని తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

ఆనాటినుంచి నాలో గంజి పోశారు. సుంకమ్మ చేలోకి పోయినప్పుడు గంగరత్నే పోసేది. బరువు పొట్టతో నేలమీద కూర్చోలేక, రోలు మీద కూర్చుని వంగేది. తరువాత సబ్బుతో మోచేతులదాకా కడుక్కునేది. ఒక్కోరోజు గుటక పడేది కాదు. గంజి నా ముక్కు దగ్గరే నిలిచిపోయేది. మెతుకు మింగని ప్రాణి ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఆ ఇద్దరు ఆడవాళ్ళ చేతులు నాకు చెప్పాయి. అయినా నన్ను కింద పెట్టేవి కావు.

కొన్నాళ్ళకు చిగుళ్ళలో ఎరుపు కనిపించింది. మలం గట్టిపడింది. ఒక పొద్దున సుంకమ్మ నన్ను దగ్గరికి తేగానే బూడిదోడు ముక్కుతో నన్ను పక్కకు నెట్టి, ఆమె తన కోసం పెట్టుకున్న రాగిసంకటిలో మూతి పెట్టింది. నేను దొర్లి గోడ దగ్గర పడ్డాను. నన్ను ఎవరూ తీయలేదు. అత్తాకోడళ్ళు సంకటి వైపే చూస్తున్నారు.

గంగరత్నకు ఆడబిడ్డ పుట్టింది. స్టీలు చెంచాతో పెంచారు. బాగానే పెరిగింది.

ఆ ఏడు ఊరి అమ్మవారికి దేవర జరిగింది. పొట్టేలును కోసి, బీరప్ప అలవాటు ప్రకారం పచ్చి పేగులు తీసి బూడిదోడి ముందుకు విసిరాడు. సుంకమ్మ పరుగున వచ్చి కుక్క నోట్లోంచి లాక్కుంది. అందరూ నిలబడిపోయారు. వేసిన వాటా వెనక్కి తీసుకుంటే మందకు కీడంటారు.

"ఏం వదినా, కుక్కకు ఆకేసి వడ్డిస్తావా?"

"ఏస్తా. పక్కన నీగ్గూడా ఏస్తా, కూర్చో" అంటూ ఆమె పొయ్యి మీద కుండ పెట్టింది. కార్జాన్ని గొయ్యి తీసి పూడ్చేసింది. మిగతావి నీళ్ళు తెర్లి మెత్తబడేదాకా ఉడికించింది. బీరప్ప గొణుగుతూనే లేచిపోయి, నెత్తురు నాకుతున్న తన కుక్కను పట్టుకుని చెట్టుకు కట్టేశాడు.

ఇప్పుడు నేను చేలో గుడిసె నడుమ నిలిపిన నిట్టాడికి వేలాడుతున్నాను. పచ్చగా చిలుము పట్టాను. డాక్టరమ్మ చెప్పిన గడువుకు మందు పోయడానికి మాత్రం దించి, కడిగి, మళ్ళీ తగిలిస్తారు. సుంకమ్మ పిలిస్తే బూడిదోడు వచ్చి, ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుని, తనంతట తానే నోరు తెరుస్తుంది. నాతో తాగిన బిడ్డల్లో ఒక్కరూ అలా తెరవలేదు.