ఏడో నంబరు జెండా

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నా బిడ్డకు నేనే, నా చేత్తోనే, విషం కలిపి ముద్దలు పెట్టానేమోనని.

చిన్నికి నాలుగేళ్లు. ఫిలింనగర్‌లో మూతబడ్డ ల్యాబు స్థలంలో, వాచ్‌మన్ గదిలో పుట్టి పెరిగింది. ఒకప్పుడు అక్కడ సినిమా రీళ్లు కడిగేవారు. రీళ్లే లేకుండా పోయాక ల్యాబుకు తాళం పడింది. మా ఆయన జగదీశ్ ఆ తాళానికి కాపలా. ఎవరూ దూరి ఆక్రమించకుండా గేటుకు పగలు కూడా తాళమే. లోపల నేనూ, చిన్నీ.

ఆ రెండెకరాల్లో ఎక్కడ గునపం వేసినా రాయే తగిలేది. మా గది వెనక ఒక్క మూలే మట్టి నల్లగా, మెత్తగా ఉండేది. అక్కడ పాలకూర చల్లాను. ఒక్కో ఆకు నా అరచేయంత. చిన్నికి పాలకూర పప్పయితే చాలు, రెండో ముద్దకు నోరు తనే తెరిచేది.

కిందటేడు స్థలం అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఖాయమైంది. కట్టే ముందు మట్టి మంచిదో కాదో చూడాలట. రష్మి అనే ఇంజనీరమ్మ వచ్చి, కాగితం చూసుకుంటూ పన్నెండు చోట్ల ఎర్రజెండాలు గుచ్చింది. ఏడో నంబరు సరిగ్గా నా మడి నడుమ.

"గిదేంది మేడం, నా కూరల పెట్టిన్రు?"

"రేపు మిషనొస్తుందక్కా. డ్రిల్ చేసి పదిహేనడుగుల లోతు నుంచి మట్టి తీస్తారు."

"మరి నా పాలకూర?"

"పోతుంది మరి, సారీ. మళ్లీ వేసుకోవచ్చులే," అని నవ్వి కారెక్కింది.

నాకు నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున చిన్నికి పళ్లు తోమించి, ఆ చేత్తోనే జెండా పీకాను. పదడుగులు అవతల, పాత బావిని లారీల కొద్దీ ఎర్రమొరంతో పూడ్చిన చోట గుచ్చాను. మట్టి మట్టే కదా, ఇక్కడిదైతేనేం, అక్కడిదైతేనేం అనుకున్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని, నాకు తోచింది అంతే.

రష్మి రాలేదు. మిషన్ వాళ్లే వచ్చారు. భయంభయంగా అడిగాను, "గిక్కడేనా అన్నా?"

"జెండా ఉన్నకాడ పొక్క కొట్టుడే మా పని చెల్లె. ఎందుకు, ఏంది మాకు తెల్వది."

నెల తర్వాత రష్మి రిపోర్టు పట్టుకొచ్చింది. కంపెనీ మేనేజరు ఆదినారాయణ గారికి, జగదీశ్‌కి గేటు దగ్గర ఏదో చెప్పి, చేతులు కడుక్కోవడానికి నా దగ్గరకొచ్చింది.

"విచిత్రమక్కా. రీళ్లు కడిగిన నీళ్లన్నీ ఏళ్ల తరబడి నీ గది వెనక గుంటలోకే వదిలి, తర్వాత దాన్ని పూడ్చేశారు. రకరకాల మందుల నీళ్లు. గుంట చుట్టూ అన్ని నంబర్లలో విషం దొరికింది. గుంటలోనే ఉన్న ఏడో నంబరు మాత్రం క్లీన్!" అని, నా పొయ్యి వైపు చూసి, "ఇక్కడ పండించింది ఏదీ తినట్లేదు కదా?" అంది.

పొయ్యి మీద పాలకూర పప్పే ఉడుకుతోంది. జగదీశ్ ఇటే చూస్తున్నాడు.

"లేదు మేడం," అన్నాను.

ఆ పప్పు పారబోశాను. మడంతా పీకేశాను. చిన్ని "పప్పేదమ్మా" అని ఏడ్చింది. జగదీశ్‌కు జెండా సంగతి చెబితే తల పట్టుకున్నాడు.

"నోరు తెరిచినవనుకో, నౌకరీ పోతది, గది పోతది. రహమత్ నగర్‌ల కిరాయికి గది ఎవడిస్తడే మనకు?"

బస్తీ దవాఖానాలో చిన్ని కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువుందని ఎర్రటి మందు రాశారు. ఏం తింటుందని అడిగితే "అన్నం, పప్పు" అన్నాను. పాలకూర పేరెత్తలేదు.

ఇంతలో ఆదినారాయణ గారు నవ్వుతూ వచ్చారు. "ఏమ్మా శాంతా, మీ మూల క్లీనంట కదా! మిగతా చోట్ల మట్టి తీయించేసి, ఆ మూలలో పిల్లల పార్కు వేస్తున్నారు."

పిల్లల పార్కనగానే ఆగలేకపోయాను. జగదీశ్ చూస్తుండగానే అంతా చెప్పేశాను. ఆదినారాయణ గారి నవ్వు పోయింది. అటూ ఇటూ చూశారు.

"నాతో అన్నావు, సరే. ఇంకెవరితోనూ అనకు తల్లీ. మళ్లీ మొదట్నుంచీ తవ్వాలంటే ప్రాజెక్టే ఆగిపోద్ది."

వారం తిరక్కుండా మమ్మల్ని టోలిచౌకిలో వాళ్లదే ఇంకో సైటుకు మార్చారు. సామాను ఆటోకెక్కిస్తుంటే కొత్త వాచ్‌మన్ పెళ్లాం కౌసల్య దిగింది. చంకలో ఏడాది పాప, కొంగుముడిలో మెంతులు.

"అక్కా, వెనక మట్టి మస్తుగున్నదే. కూర గాడనే పెడుతుంటివా?"

"గాడ వద్దు," అన్నాను.

"అబ్బో! పోతూ పోతూ మట్టి గూడ కట్టుకపోతవా ఏంది?" అని నవ్వింది.

ఎందుకు వద్దో చెప్పేలోగా ఆదినారాయణ గారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. "ఎక్కమ్మా, ఆలస్యమవుతోంది," అన్నారు. ఎక్కాను.

ఇక్కడా గేటుకు తాళమే. పాత గేటు దగ్గర నేను కనిపిస్తే జగదీశ్ పని పోతుందని ఆదినారాయణ గారు ముందే చెప్పారు. ఉన్న ఒక్క ఫోను మా ఆయన జేబులో ఉంటుంది. చిన్ని మందు తాగి పడుకుంటే గోళ్లు చూస్తాను, పెదాలు చూస్తాను. మెంతికూర ఎన్నాళ్లకు కోతకొస్తుందో నాకు తెలుసు. కౌసల్య ఇప్పటికి రెండుసార్లు కోసి ఉంటుంది.

మీలో ఎవరైనా ఫిలింనగర్ వైపు వెళితే, నీలం రేకులు కట్టిన ప్రహరీ కనిపిస్తుంది. గేటు కొట్టి కౌసల్యను పిలవండి. జెండా జరిపింది శాంతేనని చెప్పండి. తిట్టుకోనివ్వండి. ఆ పాపను ఒక్కసారి ఎత్తుకుని, కంటిరెప్ప కిందికి లాగి చూడండి, ఎర్రగా ఉందో లేదో.